తలసీమియా: నికాహ్‌కు ముందు అడగవలసిన ఒక ప్రశ్న

మా మదర్సాలో హిఫ్జ్ చేస్తున్న పదకొండేళ్ల బాలుడు ఒకడున్నాడు. రెండు వారాలు చురుకుగా సబఖ్ వినిపిస్తాడు. మూడవ వారం వచ్చేసరికి ముఖం పాలిపోయి, కూర్చున్నచోటనే కునికిపాట్లు పడతాడు. మొదట్లో మేము దానిని సోమరితనం అనుకున్నాము. ఒకటి రెండుసార్లు గట్టిగా మందలించాము కూడా. ఒకనాడు అతని తండ్రి వచ్చి, "హజ్రత్, వీడికి తలసీమియా. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ రోజు దగ్గర పడేకొద్దీ వీడికి ఓపిక ఉండదు" అని చెప్పాడు. మేము సిగ్గుపడ్డాము.

ఆయన వచ్చిన పని మరొకటి. పెద్దమ్మాయికి పందొమ్మిదేళ్లు నిండాయి. ఫూఫీ కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. పెళ్లికి ముందే ఇద్దరికీ రక్త పరీక్ష చేయించమని వైద్యురాలు చెప్పింది. ఇంట్లో దాదీ ససేమిరా ఒప్పుకోవడం లేదు. "నుదుట రాసి ఉన్నదానిని పరీక్షలు ఆపుతాయా?" అన్నది ఆమె ప్రశ్న. "మీరు చెబితే అమ్మీ వింటుంది" అని ఆయన మమ్మల్ని అర్థించాడు. జవాబు చెప్పే ముందు అసలు ఈ వ్యాధి ఏమిటో తెలుసుకోవలసిన బాధ్యత మాపై పడింది. వైద్యులను అడిగి, పుస్తకాలు చదివి మేము గ్రహించిన దానిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

గ్రంథం ఒకటే, తెరిచే పుటలు వేరు

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ జన్యు సమాచారం అంతా ఉంటుంది. కంటి కణమైనా, కాలేయ కణమైనా దాచుకున్న గ్రంథం ఒకటే. కానీ ఏ కణం తన పనికి కావలసిన పుటలను మాత్రమే తెరుస్తుంది, మిగిలినవి మూసి ఉంచుతుంది. ఒక జన్యువు తెరుచుకుని, అందులోని సూచన ప్రకారం మాంసకృత్తు, అంటే ప్రోటీన్ తయారు కావడాన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. ఏ పుట ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి, ఎంత మోతాదులో తయారు కావాలి అన్న క్రమం మీదనే శిశువు ఎదుగుదల ఆధారపడి ఉన్నది. ఆ క్రమం తప్పినచోట వ్యాధి మొదలవుతుంది.

దీనికి హీమోగ్లోబిన్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును శరీరమంతటికీ మోసుకువెళ్లే మాంసకృత్తు ఇది. పెద్దవారిలో ఇది ముఖ్యంగా రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు కలిసి ఏర్పడుతుంది. ఆల్ఫా జన్యువులు 16వ క్రోమోజోము మీద, బీటా జన్యువు 11వ క్రోమోజోము మీద ఉన్నాయి.

తల్లి గర్భంలో బీటా గొలుసుల వంతు ఇంకా రాదు. వాటి స్థానంలో గామా గొలుసులు ఉంటాయి. గామా గొలుసులున్న హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మరింత గట్టిగా పట్టుకుంటుంది. అందువల్లనే తల్లి రక్తం నుండి బిడ్డ రక్తంలోకి అది సులువుగా చేరుతుంది. బిడ్డ పుట్టిన తరువాత కొద్ది నెలలలో గామా పుట క్రమంగా మూసుకుంటుంది, బీటా పుట పూర్తిగా తెరుచుకుంటుంది. ఇంతటి మార్పు మన ఒడిలోని పసికందులో జరుగుతూ ఉంటే మనకు తెలియనైనా తెలియదు. సృష్టికర్త ఏర్పాటు ఎంత సూక్ష్మమైనదో ఆలోచించండి!

లోపం ఎక్కడ?

బీటా తలసీమియా ఉన్న బిడ్డలో బీటా జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిని ఉంటాయి. మన దేశంలో అత్యధికంగా కనిపించే లోపం ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల వచ్చినదే. గామా గొలుసులు ఉన్నంత కాలం బిడ్డ ఆరోగ్యంగానే కనిపిస్తాడు. ఆరు నెలలు దాటిన తరువాత, సాధారణంగా రెండేళ్లలోపు, బిడ్డ పాలిపోవడం, పాలు సరిగా తాగకపోవడం, పొట్ట ఉబ్బడం మొదలవుతుంది. అంతవరకు బాగున్న బిడ్డ హఠాత్తుగా చిక్కిపోవడం చూసి మన ఇళ్లలో "నజర్ తగిలింది" అనుకుంటారు. నిజానికి అది గామా పుట మూసుకునే సమయం.

బీటా గొలుసులు తక్కువ కావడం ఒక్కటే సమస్య కాదు. జత దొరకని ఆల్ఫా గొలుసులు పేరుకుపోయి, ఎర్ర రక్తకణాలు మజ్జలో తయారవుతుండగానే వాటిని నాశనం చేస్తాయి. శరీరం మరిన్ని కణాల కోసం మజ్జను విస్తరింపజేస్తుంది. చికిత్స అందని పిల్లల ముఖంలోని ఎముకలు ఉబ్బడానికి కారణం ఇదే. 1925లో అమెరికా వైద్యుడు థామస్ కూలీ ఈ లక్షణాలను గుర్తించి వివరించాడు.

చికిత్సకు ఎదురయ్యే ఆటంకాలు

రక్తం ఎక్కించడం వల్ల బిడ్డ బ్రతుకుతాడు. కానీ ఒక్కొక్క సీసాతో పాటు 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము శరీరంలోకి చేరుతుంది. దానిని బయటకు పంపే మార్గం మన శరీరానికి లేదు. పైగా ఆహారంలోని ఇనుమును అదుపు చేసే హెప్సిడిన్ అనే మాంసకృత్తు ఈ వ్యాధిలో తగ్గిపోతుంది, పేగులు మరింత ఇనుమును పీల్చుకుంటాయి. అది గుండెలో, కాలేయంలో, ఎదుగుదలను నియంత్రించే గ్రంథులలో పేరుకుంటుంది. అందువల్ల ఇనుమును తొలగించే మందులు క్రమం తప్పకుండా వాడాలి. "రక్తం ఎక్కిస్తున్నాము కదా" అని ఈ మందులను అశ్రద్ధ చేసే తల్లిదండ్రులు గమనించాలి, పిల్లవాడికి ప్రమాదం అక్కడే పొంచి ఉన్నది.

మరొక ఆటంకం ఉన్నది. రక్తకణాల పైభాగాన ఏ, బీ గ్రూపులే కాక ఇంకా అనేక గుర్తులు ఉంటాయి. తరచుగా రక్తం ఎక్కించుకునే కొందరిలో శరీరం ఆ గుర్తులను పరాయివిగా భావించి ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. అప్పుడు సరిపోయే రక్తం దొరకడమే కష్టమవుతుంది. హైడ్రాక్సీయూరియా అనే మందు మూసుకున్న గామా పుటను కొంతవరకు తిరిగి తెరుస్తుంది. అయితే కొందరిలో అది బాగా పనిచేస్తుంది, మరికొందరిలో ఫలితమే కనిపించదు. ఒకే వ్యాధి, ఒకే మందు అయినా ఫలితం వేరుగా ఉండడానికి వారి జన్యువులలోని చిన్న చిన్న తేడాలు ఒక కారణం.

గామా పుటను మూసే పనిలో బీసీఎల్11ఏ అనే మాంసకృత్తుకు ముఖ్యపాత్ర ఉన్నదని 2008లో శాస్త్రవేత్తలు నిరూపించారు. దాని ఆధారంగా రూపొందిన జన్యు చికిత్స క్యాస్జెవీకి 2023 నవంబరులో బ్రిటన్ ప్రపంచంలోనే మొదటిసారిగా అనుమతి ఇచ్చింది. రోగి మూలకణాలను బయటకు తీసి, వాటిలో ఈ మాంసకృత్తు తయారీని తగ్గించి, తిరిగి శరీరంలోకి ఎక్కిస్తారు. బీటా లోపం అలాగే ఉంటుంది, కానీ గామా గొలుసులు ఆ పని చేస్తాయి. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. మన పిల్లల తండ్రులు ఆటో నడిపేవారు, దుకాణాలలో పనిచేసేవారు. సోదరుడో సోదరియో మజ్జ సరిపోతే మూలకణ మార్పిడి చేయవచ్చు. కానీ ఒక్కొక్కరితో సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే.

పరీక్ష ఎవరికి?

ఒక ప్రతి మాత్రమే దెబ్బతిన్నవారిని వాహకులు అంటారు. వారు రోగులు కారు. పెళ్లి చేసుకోవచ్చు, పిల్లలను కనవచ్చు. అయితే భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "ఒకరికి వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికి రాదు" అనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కోడలిని నిందించడం అంతకంటే పెద్ద అన్యాయం. లోపం ఇద్దరి నుండీ వస్తేనే వ్యాధి.

దగ్గరి బంధువుల పెళ్లి ఈ వ్యాధిని పుట్టించదు. కానీ ఒకే తాతకు మనుమలైనవారు ఒకే లోపాన్ని వారసత్వంగా పొందే అవకాశం ఎక్కువ. మేనరికాలు మన తెలుగునాట అన్ని మతాల ఇళ్లలోనూ ఉన్నవే కనుక ఈ హెచ్చరిక అందరికీ వర్తిస్తుంది. పరీక్షలో హీమోగ్లోబిన్ ఏ2 శాతాన్ని చూస్తారు. సాధారణంగా అది 3.5 శాతం మించితే వాహకులని అనుమానించి నిర్ధారిస్తారు. ఇనుము లోపం ఉంటే ఫలితం తప్పుదారి పట్టవచ్చు కనుక వైద్యుల సలహా అవసరం. జీవితంలో ఒకసారి చేయించుకుంటే చాలు.

ముస్లిం దేశాలు దీనిని ఎన్నడో గ్రహించాయి. ఇరాన్ 1997లో, సౌదీ అరేబియా 2004లో పెళ్లికి ముందు ఈ పరీక్షను తప్పనిసరి చేశాయి. గర్భం దాల్చిన తరువాత పరీక్షిస్తే ఎదురయ్యే ప్రశ్నలు ఎంతో బరువైనవి, ఉలమాల మధ్య చర్చకు వచ్చినవి. పెళ్లికి ముందు పరీక్షిస్తే ఆ బరువే ఉండదు.

మేము చెప్పిన జవాబు

ఆ దాదీ దగ్గరకు మేమే వెళ్లాము. "అమ్మా, మనుమడికి రక్తం ఎక్కించడం తవక్కుల్‌కు విరుద్ధం కానప్పుడు, పుట్టబోయే మునిమనుమల కోసం పరీక్ష చేయించడం ఎలా విరుద్ధమవుతుంది? ప్రయత్నం మన వంతు, ఫలితం అల్లాహ్ చేతిలో" అన్నాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "వీడు పడుతున్నది నేను చూస్తూనే ఉన్నాను కదా, మౌల్వీ సాబ్" అని కళ్లు తుడుచుకున్నది.

పరీక్షలో అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ వాహకులని తేలింది. సంబంధం ఆగిపోయింది. ఫూఫీ మనస్తాపం చెంది, ఆ ఏడాది ఈద్‌కు అన్న ఇంటికి రాలేదు. తరువాత అబ్బాయే తల్లికి నచ్చజెప్పి వెంట తీసుకువచ్చాడు. అమ్మాయికి వేరే సంబంధం కుదిరింది. ఆ వరుడు వాహకుడు కాడని ముందే తెలుసుకున్నారు.

ఒక విషయం ఇక్కడ దాచడం తగదు. ఆ బాలుడి తల్లిదండ్రులకు ఇరవై ఏళ్ల క్రితం నికాహ్ చదివింది మేమే. వారు పిన్నమ్మ, పెద్దమ్మ బిడ్డలు. వధువు అంగీకారం అడిగాము, సాక్షులను అడిగాము, మహర్ అడిగాము. ఈ ఒక్క ప్రశ్న అడగాలని మాకు తెలియదు. ఇప్పుడు మా వద్దకు నికాహ్ కోసం వచ్చే ప్రతి కుటుంబాన్నీ తేదీ ఖాయం చేసుకోకముందే అడుగుతున్నాము. బలవంతం లేదు. వాహకులని తేలినవారి వివరాలు బయటకు పొక్కనీయము, అది వారి అమానత్.

ఇమాములు, ఖాజీలు, పిల్లల పెళ్లిళ్లు తలపెట్టిన తల్లిదండ్రులు ఈ ప్రశ్నను సంకోచం లేకుండా అడగాలని మా మనవి. ఆ బాలుడు ఇప్పుడు పద్దెనిమిదవ పారా చదువుతున్నాడు. మూడవ వారంలో అతనికి సబఖ్ తగ్గించి ఇస్తున్నాము. అల్లాహ్ అతనికి ఆరోగ్యాన్ని, మనందరికీ ముందుచూపును ప్రసాదించుగాక!