మట్టి మిద్దెకు చౌడు ఎందుకు వేస్తారు, ఎంత వేయాలి?

మా అవుకు పక్క వానలకు ముందు మట్టి మిద్దెల మీద చౌడు వేస్తారు. చేనులో పంటను చంపే చౌడు ఇంటిని ఎలా కాపాడుతుంది? రెండు చోట్లా కారణం ఒక్కటే. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందులు మూసేస్తాయి. నీళ్లు కిందికి దిగవు. చేనుకు జిప్సం వేస్తే అందులోని కాల్షియం ఆ సోడియాన్ని తోసేస్తుంది, నేల గుల్లబారుతుంది. అందుకే జిప్సం వేసిన చేని మట్టి మిద్దెకు పనికిరాదు.

అసలు ప్రమాదం బరువు. ఏటా పాత పొర మీదే కొత్తది వేస్తూ పోతే మందం పెరుగుతుంది, తడిస్తే ఇంకా బరువెక్కుతుంది. చెద పట్టిన దూలం మోయలేదు. 2024 ఆగస్టులో మన జిల్లాలోనే, చాగలమర్రి మండలంలో, రాత్రి మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు.

వీడియోలో చూపించినట్టు చేయండి. ముందు గడ్డి, రావి మొలకలు వేళ్లతో సహా పీకేయాలి. పాత మట్టి గీకి దించి, ఎంత దించామో అంతే కొత్త చౌడు వేయాలి. వాలు నీళ్లు పోయే గొట్టం వైపు ఉండాలి. దూలాన్ని ఇనుప చువ్వతో పొడిచి చూడండి. మెత్తగా దిగిందా, చౌడు పని తర్వాత. ముందు ఆ గదిలో పడుకోవడం మానండి.