ముందు అప్పం, తర్వాతే పని

వారమంతా కోడింగు, శనివారం క్వయర్ ప్రాక్టీసు, ఆదివారం పొద్దున్నే సండే స్కూలు. ఇష్టంగా మొదలుపెట్టిన సేవే బరువనిపించసాగింది. 'ఇంకా ప్రార్థన చెయ్యి తమ్ముడూ' అంటారు చాలామంది. నాకైతే 1 రాజులు 19వ అధ్యాయం ఎక్కువ పనికొచ్చింది.

కర్మెలు కొండ మీద అంత విజయం చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరిస్తే పారిపోయి బదరీ చెట్టు కింద చావు కోరుకున్నాడు. దేవదూత మందలించలేదు. తట్టి లేపి తినమన్నాడు. తలదగ్గరే కాల్చిన అప్పం, నీళ్లు! తిని పడుకుంటే మళ్లీ లేపి ఇంకోసారి తినమన్నాడు. ఆ బలంతోనే హోరేబు దాకా 40 రోజులు నడిచాడు. అక్కడ పని దొరికింది, అక్కణ్ణుంచి బయల్దేరాక తోడుగా ఎలీషా కూడా దొరికాడు.

నేనూ పాస్టరుగారితో చెప్పి శనివారాలు సెలవు తీసుకున్నా. సండే స్కూల్లో ఓ అక్క తోడైంది. మొన్న పిల్లలు పాట తప్పుగా పాడుతుంటే ఇద్దరం పడీపడీ నవ్వాం.