మీకు తెలుసా? అప్పుడే పుట్టిన బిడ్డ వణక్కుండానే చలి కాచుకుంటుంది!

చలికి ఒళ్లు వణకడం, పళ్లు టకటకలాడటం మెదడులోని హైపోథాలమస్ ఆజ్ఞే. కండరాలు గబగబా బిగిసి వదులవుతుంటే వాటిలో ఖర్చయిన శక్తి వేడిగా మారుతుంది. గట్టిగా వణికితే, ఊరికే ఉన్నప్పటికంటే నాలుగైదు రెట్ల వేడి పుడుతుంది.

పసిబిడ్డకు వణకడం సరిగా చేతకాదు. భుజాల మధ్య, మెడ దగ్గర, మూత్రపిండాల చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వే దానికి కుంపటి. ఈ కొవ్వు కణాల నిండా, శక్తిని అందించే మైటోకాండ్రియాలు ఉంటాయి. వాటిలోని ఇనుము వల్లే ఆ రంగు. మామూలు కణాల్లో ఏటీపీ అనే రసాయనంగా నిల్వయ్యే శక్తిని ఇక్కడ యూసీపీ1 అనే ప్రొటీన్ దారి మళ్లించి నేరుగా వేడిగా వదిలేస్తుంది. ఎంత చక్కటి ఏర్పాటో!

పెద్దయ్యాక ఈ కొవ్వు దాదాపు మాయమవుతుందని చాలాకాలం అనుకున్నారు. పెద్దవాళ్లలోనూ మెడ చుట్టుపక్కల అది పనిచేస్తోందని 2009లో వెలువడిన పెట్ స్కాన్ పరిశోధనలు తేల్చాయి.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు మాత్రం ఈ నిల్వ చాలా తక్కువ. అందుకే అలాంటి బిడ్డకు టోపీ పెట్టి, ఒంటికి ఒళ్లు తగిలేలా తల్లి గుండెలకు ఆనించి ఉంచుతారు. కంగారూ మదర్ కేర్ అనే ఈ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది.