ప్రయోగశాలలో ప్రశ్నకు చోటు

పుస్తకములో నున్న విలువ ప్రయోగములో రాకపోయినచో విద్యార్థి యేమి చేయును? పెక్కుమంది అంకెలను సవరించి రికార్డు నింపుదురు. సత్యమును శోధింపవలసిన గదిలోనే అసత్యమునకు అలవాటుపడుట యెంత శోచనీయము! అయినను విద్యార్థినే నిందించుట న్యాయము గాదు. ఫలితమును ముందే చెప్పి దానినే తెమ్మనెడి పద్ధతియందే దోషమున్నది.

కెనడాలోని బ్రిటిషు కొలంబియా విశ్వవిద్యాలయమున మొదటి సంవత్సర విద్యార్థులతో వేఱొక పద్ధతిని పరీక్షించి, హోమ్సు, వీమన్, బాన్ అను శాస్త్రజ్ఞులు 2015లో ఫలితములను ప్రకటించిరి. లోలకమును 10 డిగ్రీలనుండి యొకమాఱు, 20 డిగ్రీలనుండి యొకమాఱు విడిచి, ఊపునకు పట్టు కాలములను పోల్చుమనిరి. పిమ్మట కొలతను మెఱుగుపఱచి మరల పోల్చుమనిరి. సామాన్యసూత్రము ప్రకారము రెండును సమానములు. యథార్థమున రెండవది నూటికి సుమారు 0.6 వంతు అధికము. రెండు సెకండ్ల లోలకమున ఈ భేదము సెకండులో నూఱవవంతునకు కొంచెము మించును. ఒక్క యూపును కొలిచినచో చేతికి చిక్కదు. 50 ఊపులను కలిపి కొలిచినచో అర సెకండు దాటును. అప్పుడు సూత్రముయొక్క హద్దు విద్యార్థికి స్వయముగా గోచరించును. ఇట్లు శిక్షణ పొందినవారు తమ పద్ధతిని తామే సవరించుకొనుటకు ఇతరులకంటె 12 రెట్లు అధికముగా పూనుకొనిరట!

ఉత్తర అమెరికాలో ఈ గదుల భారము చాలవఱకు పైతరగతుల విద్యార్థులగు బోధనసహాయకులది. ఉన్నతవిద్యకై అచటికేగిన మన తెలుగు యువకులు ననేకులు ఆ పని చేయుచున్నారు. మన కళాశాలలలో ఆ భారము ప్రయోగములు చేయించు అధ్యాపకులది. ఎవరిదైనను చిక్కు ఒక్కటియే. “నా జవాబు సరియేనా?” అని విద్యార్థి యడిగినప్పుడు “సరియే” అన్నచో విచారణ ముగిసినట్లే. “ఈ భేదము నీ కొలతలో సహజముగా వచ్చు తేడాకంటె ఎక్కువయా?” అని తిరిగి యడుగుట నేర్పరితనము.

ఆ నేర్పు పాండిత్యముతోపాటు తనంతట రాదు. సహాయకుడు ప్రయోగమును ముందుగా తాను విద్యార్థివలె చేసి, ఎచట తడబాటు కలుగునో కనిపెట్టవలెను. ఏమి యడుగవలెనో, ఎప్పుడు మౌనము వహింపవలెనో తోడివారి యెదుట అభ్యసింపవలెను. మార్కులును పుస్తకపు విలువకు గాక, విద్యార్థి చూపిన యుక్తికి, నిదర్శనమునకు నీయవలెను. లేనిచో ఎంతటి శిక్షణయు నిష్ఫలమగును.

కావున బిడ్డలను కళాశాలకు పంపెడి తల్లిదండ్రులు, ధనమిచ్చెడి పోషకులు అచట ఎన్ని పరికరములున్నవని మాత్రమే గాక, ప్రయోగములు చేయించువారికి ఎట్టి శిక్షణ నిచ్చుచున్నారని కూడ అడుగవలెను.