బోధన్ నుంచి అంగ్‌కోర్ వరకు: శిథిలాలు నేర్పే గుణపాఠం

భూమిపై సంచరించి, పూర్వ జాతుల పర్యవసానం ఏమైందో పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు ఆదేశిస్తున్నది. కాలక్షేపానికి చేసే విహారం వేరు, ఇబ్రత్ కోసం, అంటే గుణపాఠం గ్రహించడం కోసం చేసే ప్రయాణం వేరు. అయినా ప్రాచీన ఆలయాల మాట వచ్చేసరికి మన కుటుంబాల్లో ఒక సంకోచం కనిపిస్తుంది. ఆరాధనలో పాలుపంచుకోకుండా, చరిత్రను తెలుసుకునే ఉద్దేశంతో చూడవచ్చునా? అక్కడ పిల్లలు ప్రశ్నలు అడిగితే ఏమని చెప్పాలి?

ఈ ప్రశ్నలు ఎదురవడానికి మనం దేశాలు దాటనవసరం లేదు. నిజామాబాద్ నుంచి సుమారు 25 కిలోమీటర్లు వెళితే బోధన్ వస్తుంది. ప్రాచీన భారతంలోని పదహారు మహాజనపదాల్లో ఒకటైన అశ్మకకు రాజధాని పోదన ఇదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఈ పట్టణంలోని దేవల్ మసీదు ఒకప్పుడు జైన ఆలయం. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో, 14వ శతాబ్దంలో, అది మసీదుగా మారింది. ‘దేవల్’ అంటేనే గుడి. వరుసలు తీరిన రాతి స్తంభాలు, వాటిపై మిగిలిన తీర్థంకరుల రూపాలు ఆ గతాన్ని నేటికీ చెబుతూనే ఉన్నాయి.

ఆ స్తంభాల నడుమ నిలబడిన పిల్లవాడు ‘అబ్బా, ఇది గుడా, మసీదా?’ అని అడిగితే మాట దాటవేయడం తగదు. రెండూ అని చెప్పాలి. రాజ్యాలు గెలిచినవారు తమ అధికారానికి చిహ్నంగా ఇతరుల ఆలయాలను మార్చిన కాలమొకటి ఉన్నదనీ, పాలకుల రాజకీయం వేరు, ధర్మాదేశం వేరనీ వివరించాలి. ఆశ్రమాలు, చర్చీలు, యూదుల ప్రార్థనాలయాలు, మసీదులు విధ్వంసానికి గురికాకుండా అల్లాహ్ కాపాడే విషయాన్ని ఖుర్ఆన్ ఒకేచోట ప్రస్తావించింది. జెరూసలేం స్వాధీనమైనప్పుడు అక్కడి ప్రధాన చర్చిలో నమాజు చేయమని కోరితే, తన తరువాతివారు ఆ నెపంతో చర్చిని ఆక్రమిస్తారేమోనన్న ఆలోచనతో హజ్రత్ ఉమర్ (రజి) బయటికి వచ్చి నమాజు చేశారని చరిత్రకారులు రాశారు. మనకు ఆదర్శం తుగ్లక్ కాదు, హజ్రత్ ఉమర్ (రజి).

ఒకే కట్టడం పలు మతాల చేతులు మారడం మన ప్రాంతానికే పరిమితం కాదు. కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్‌ను 12వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో రెండవ సూర్యవర్మ విష్ణు ఆలయంగా నిర్మింపజేశాడు. తదుపరి కాలంలో అది బౌద్ధ క్షేత్రమైంది. సమీపంలోని బాయన్ ఆలయపు గోడలపై ఖ్మేర్ సైన్యాలు చంపా రాజ్యపు సైన్యాలతో పోరాడే దృశ్యాలు చెక్కి ఉన్నాయి. ఆ చామ్ ప్రజల సంతతిలో అత్యధికులు నేడు కంబోడియాలో ముస్లిములు. 1975–79 మధ్య ఖ్మేర్ రూజ్ పాలనలో వారు ఘోరమైన ఊచకోతకు గురయ్యారు. మసీదులు ధ్వంసమయ్యాయి, ఆరాధనపై నిషేధం విధించబడింది. ప్రార్థనాలయంపై దాడి ఎంతటి గాయమో ఆ సోదరుల చరిత్ర మనకు తెలుపుతుంది. తమకు జరిగితే దుఃఖించే విషయం ఇతరులకు జరిగినప్పుడు హర్షించడం విశ్వాసి లక్షణం కాదు.

అంగ్‌కోర్ మరో పాఠం కూడా చెబుతుంది. ఆ మహానగరం నీటిపై నిలిచింది. 11వ శతాబ్దపు పశ్చిమ బరాయ్ అనే జలాశయం పొడవు దాదాపు 8 కిలోమీటర్లు. 14, 15 శతాబ్దాలలో తీవ్రమైన కరవులు, వరదలు ఆ నీటి వ్యవస్థను దెబ్బతీయడం నగర పతనానికి ఒక కారణమని పరిశోధకులు చెబుతారు. మన సీమ కూడా నీటితోనే పచ్చబడింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923–31 మధ్య మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. ఆ కాలువల కింద చెరకు విస్తరించగా, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. వైభవం అశాశ్వతమని తెలుసుకోవడానికి వేయేళ్ల శిథిలమే అవసరం లేదు. అయితే ప్రజలకు నీరందించిన పని మాత్రం నేటికీ పొలాల్లో పారుతున్నది. సదఖా జారియా అంటే ఏమిటో పిల్లలకు చూపించడానికి నిజాంసాగర్ కాలువ గట్టుకన్నా మంచి చోటు ఏముంటుంది?

ఇలాంటి ప్రయాణాలకు కొన్ని మర్యాదలున్నాయి. పూజలు జరిగే వేళ, ఆచారాలలో పాల్గొనకుండా దూరంగా ఉండాలి. ఇతరుల ఆరాధ్యులను దూషించరాదన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ. ఎగతాళి మాటలకు, శిల్పాలపై పేర్లు గీకడానికి తావులేదు. అంగ్‌కోర్‌లో భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు తప్పనిసరి; మన కుటుంబాలకు అది కష్టమైన నిబంధన కాదు. పక్కనే ఉన్న సియెం రీప్ పట్టణంలో మసీదు, హలాల్ భోజనం లభిస్తాయి.

అంత దూరం వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. బోధన్ మాత్రం మన ముంగిటే ఉంది. వచ్చే సెలవుల్లో పిల్లలను దేవల్ మసీదుకూ, ఆ తరువాత నిజాంసాగర్‌కూ తీసుకువెళదాం. వారు అడిగే ప్రతి ప్రశ్నకూ సత్యమే సమాధానంగా చెబుదాం. సత్యం పలికే ధైర్యాన్నీ, న్యాయంగా చూసే దృష్టినీ అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.