మీకు తెలుసా? పాత కన్వర్టిబుల్‌కు ముందు నీటి పరీక్ష, ఆ తర్వాతే ఇంజన్

అమెరికాలో మధ్యతరగతి ధరకు కొత్త మిడ్‌సైజ్ కూపే (రెండు తలుపుల కారు) గానీ, కన్వర్టిబుల్ (రూఫ్ తెరుచుకునే కారు) గానీ కొందామంటే ఇప్పుడు షోరూముల్లో లేదు. టయోటా కామ్రీ సొలారా 2008తో ఆగిపోయింది. నిస్సాన్ ఆల్టిమా కూపే 2013తో, క్రైస్లర్ 200 కన్వర్టిబుల్ 2014తో, హోండా అకార్డ్ కూపే 2017తో ముగిశాయి. రెండు తలుపుల కారే కావాలంటే మస్టాంగ్ లాంటి స్పోర్ట్స్ కారు కొనాలి, లేదా మెర్సిడెస్, బీఎండబ్ల్యూ ధరలు పెట్టాలి. మెత్తటి సీట్లో కూర్చుని, రూఫ్ తీసి, సాయంత్రం పూట నింపాదిగా నడుపుకునే కారు కోరుకునేవాళ్లకు మిగిలింది సెకండ్ హ్యాండ్ మార్కెట్టే. అక్కడ మంచి బేరాలున్నాయి. ఏది చూడాలో తెలియకుండా వెళ్తే పెద్ద ఖర్చులూ ఉన్నాయి.

పైకి సొలారా, లోపల కామ్రీ

సొలారా చూడటానికి విలాసంగా ఉంటుంది కానీ దాని అడుగుభాగం, ఇంజన్, గేర్‌బాక్స్ అన్నీ కామ్రీ కుటుంబానివే. పాత కారు కొనేవాడికి ఇంతకన్నా మంచి కబురు లేదు. వాటర్ పంపు పోయినా, ఆల్టర్నేటర్ పోయినా, బ్రేకులు అరిగినా ఏ ఊళ్లో మెకానిక్ దగ్గరైనా పని జరిగిపోతుంది. అకార్డ్ కూపే సంగతీ అంతే. తలుపు అద్దాలు, వెనక లైట్లు, రూఫ్ మోటార్లు మాత్రం ఆయా మోడళ్లకే ప్రత్యేకం. అవి పోతే పాత కార్ల యార్డుల్లో వెతుక్కోవాలి. అందుకే నా సలహా ఒకటే: ఎక్కువ అమ్ముడైన ఫ్యామిలీ సెడాన్ నుంచి పుట్టిన కూపేనే ఎంచుకోండి. సాబ్ 9-3 కన్వర్టిబుల్ సీట్లు ఎంత హాయిగా ఉన్నా, ఆ కంపెనీ 2011 డిసెంబరులో దివాలా తీసింది. విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి కానీ, దగ్గర్లో ఆ కారు తెలిసిన మెకానిక్ ఉంటేనే దాని జోలికి వెళ్లాలి.

మొదటి తరం సొలారా కూపేలు కెనడాలోని ఒంటారియో రాష్ట్రం కేంబ్రిడ్జ్ ప్లాంటులో తయారయ్యేవి. వాటిలో కొన్నింటిని ఏఎస్‌సీ అనే సంస్థ కన్వర్టిబుల్‌గా మార్చేది. 2004 మోడల్‌తో మొదలైన రెండో తరం కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో, కామ్రీ పక్కనే తయారైంది. రెండో తరం కన్వర్టిబుల్ కొంటున్నట్టయితే దాన్లో ఉండేది 3.3 లీటర్ల వీ6 ఇంజన్. అందులో చైను కాదు, రబ్బరు టైమింగ్ బెల్ట్ ఉంటుంది. 90,000 మైళ్లకు, అంటే సుమారు 1,45,000 కిలోమీటర్లకు దాన్ని మార్చాలి. కారు తక్కువ తిరిగినా వయసుతో రబ్బరు పాతబడుతుంది. మార్చామని అమ్మేవాళ్లు చెబితే బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. బెల్టు, వాటర్ పంపు కలిపి వేయించే ఖర్చును ధరలోంచి తగ్గించమనండి. మొదటి తరం కారైతే ఆయిల్ పోసే మూత తీసి లోపలికి చూడండి. 1997 నుంచి 2002 మధ్య టయోటా ఇంజన్లు కొన్నింటిలో ఆయిల్ గడ్డకట్టి నల్లటి జిగురులా మారిన ఉదంతాలు చాలా వచ్చాయి.

రూఫ్ తీసేస్తే బరువు తగ్గదు, పెరుగుతుంది

కారు బాడీకి గట్టిదనం ఇచ్చే భాగాల్లో రూఫ్ ముఖ్యమైనది. దాన్ని కోసేస్తే బాడీ మెలితిరగకుండా ఉండటానికి కింద, తలుపుల అంచుల్లో, ముందు అద్దం చట్రంలో అదనపు ఉక్కు పెట్టాల్సి వస్తుంది. మోటార్లు, హైడ్రాలిక్ పంపు దీనికి అదనం. మడిచే ఇనుప రూఫ్ ఉన్న బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంటి వాటిలో, అదే మోడల్ కూపేతో పోలిస్తే తేడా 200 కిలోల దాకా ఉంటుంది. ఇంత చేసినా గతుకుల రోడ్డు మీద కొన్ని కార్లు వణుకుతాయి. టెస్ట్ డ్రైవ్‌లో నున్నటి హైవే ఒక్కటే చాలదు. గుంతలున్న వీధిలో కూడా నడపండి. లోపలి అద్దంలో వెనక దృశ్యం ఎంత అదురుతోందో చూస్తే బాడీ గట్టిదనం తెలిసిపోతుంది. రెండో తరం సొలారాకు ఈ విషయంలో మంచి పేరు లేదు. మెత్తటి సస్పెన్షన్ వల్ల హాయిగానే ఉంటుంది కానీ వణుకు కనిపిస్తుంది. హాయి ముఖ్యం అనుకునేవాళ్లకు అది భరించదగ్గదే.

అసలు శత్రువు నీరు

కన్వర్టిబుల్‌ని పాడు చేసేది ఎక్కువగా ఇంజన్ కాదు, నీరు. రూఫ్ అంచుల మీద పడ్డ వాన నీరు సన్నటి కాలువల గుండా, సన్న గొట్టాల ద్వారా కారు కిందికి పోవాలి. చెట్టు కింద నిలిపిన కారులో ఆకులూ, పుప్పొడీ, మట్టీ చేరి ఆ గొట్టాలు పూడుకుపోతాయి. అప్పుడు నీళ్లు కార్పెట్ కిందకి చేరతాయి. చాలా కార్లలో సీట్ల కింద వైరింగ్ కనెక్టర్లు, ఎలక్ట్రానిక్ పెట్టెలు ఉంటాయి. అవి తడిస్తే ఏ లైటు ఎందుకు వెలుగుతోందో ఎవరికీ అంతుపట్టదు.

కాబట్టి ఎండ రోజు వెళ్లినా సరే, అమ్మేవాళ్లను అడిగి హోస్ పైపుతో రూఫ్ అంచుల చుట్టూ నెమ్మదిగా నీళ్లు పోయండి. వద్దన్నారంటే అక్కడితో ఆపేయడం మంచిది. నీళ్లు పోశాక మ్యాట్లు తీసి, కార్పెట్‌ను అరచేత్తో గట్టిగా అదమండి. డిక్కీలో స్టెప్నీ ఉండే గుంటలో నీటి చారలు, తుప్పు ఉన్నాయేమో చూడండి. లోపల కూర్చుని తలుపులూ అద్దాలూ మూసి రెండు నిమిషాలు ఉంటే ముక్కిన వాసన ఉందో లేదో తెలుస్తుంది. కొత్తగా సెంటు కొట్టి ఉంటే మరింత అనుమానించాలి. 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్‌లో, 2022లో ఇయాన్ తుపానుకు ఫ్లోరిడాలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అలాంటివి శుభ్రం చేయించి వేరే రాష్ట్రాల్లో అమ్మడం అక్కడ తెలిసిన మోసమే.

ఆ తర్వాత రూఫ్‌ను ఇంజన్ ఆన్‌లో ఉంచి రెండు మూడు సార్లు పూర్తిగా తెరిచి మూయించండి. మధ్యలో ఆగినా, ఒక పక్క ముందు కదిలి మరో పక్క వెనకబడినా, మోటారు మూలిగినా సిలిండర్లకో పంపుకో పని ఉన్నట్టే. డిక్కీ లైనింగ్ మీద నూనె మరకలుంటే హైడ్రాలిక్ లీకు అయి ఉండొచ్చు. గుడ్డ రూఫ్ మొత్తం మార్చాలంటే మామూలు బ్రాండుకు వెయ్యి నుంచి రెండున్నర వేల డాలర్ల దాకా అవుతుంది. మడిచే ఇనుప రూఫ్ మెకానిజం చెడితే ఖర్చు అంతకు మించి పోగలదు. ఐదారు వేల డాలర్ల కారుకు ఈ తేడా చాలా పెద్దది. నా ఓటు గుడ్డ రూఫ్‌కే. అది కూడా వెనక ప్లాస్టిక్ కిటికీ కాకుండా, వేడి తీగలున్న గాజు అద్దం ఉన్నదానికి. ప్లాస్టిక్ ఎండకు పసుపుబారుతుంది, చలిలో మడిస్తే పగులుతుంది.

ఇనుప రూఫ్ మడిచే ఊహ చాలా పాతది. జార్జ్ పోలాన్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు రూపొందించిన అలాంటి రూఫ్ 1934లోనే పెజో కార్లలో వచ్చింది.  అమెరికాలో పెద్ద సంఖ్యలో అలాంటి కారు తయారుచేసింది ఫోర్డ్. 1957 నుంచి 1959 వరకు స్కైలైనర్ పేరుతో అమ్మింది.

తలుపులోంచి పైకి లేచే ఎయిర్‌బ్యాగ్

పక్కనుంచి గుద్దుకున్నప్పుడు తలను కాపాడే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మామూలు కార్లలో రూఫ్ నుంచి కిందికి దిగుతుంది. రూఫే లేనప్పుడు? రెండో తరం వోల్వో సీ70లో దాన్ని తలుపులో పెట్టి పైకి లేచేలా చేశారు. కన్వర్టిబుల్స్‌లో అలా రావడం అదే మొదటిసారి. స్వీడన్‌లోని ఉద్దెవల్లాలో తయారైన ఈ కారు మూడు ముక్కల ఇనుప రూఫ్‌తో 2013 వరకు వచ్చింది. సీట్ల హాయికి పేరున్న కారే. రూఫ్ మడిస్తే డిక్కీలో సగం చోటు పోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

అమ్మానాన్నలు వస్తే?

ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి ఆరు నెలలు ఉండే ఇళ్లలో కూపే ఒక్కటే కారైతే కష్టం. ముందు సీటు వంచి, నడుము వంచి వెనక్కి ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు శిక్ష. పసిపిల్లల సీటు బిగించడమూ అంతే ఇబ్బంది. పైగా కూపే తలుపులు పొడవు. ఇరుకు పార్కింగులో సగమే తెరుచుకుంటాయి. లెక్సస్ ఎస్‌సీ430 లాంటి వాటిలో వెనక సీటు సంచులకే సరిపోతుంది. సొలారా, క్రైస్లర్ సెబ్రింగ్, అకార్డ్ కూపేల్లో పెద్దవాళ్లు కూర్చోగలరు, అంతే. ఇంట్లో ఇంకో నాలుగు తలుపుల కారు ఉంటేనే వీటిని చూడండి.

ఎప్పుడు కొనాలి? చలికాలంలో. మంచు పడే రాష్ట్రాల్లో నవంబరు తర్వాత కన్వర్టిబుల్ అడిగేవాళ్లు తగ్గుతారు. వసంతం రాగానే ధర మళ్లీ లేస్తుంది.

పదిహేడు అక్షరాల జాతకం

1981 మోడళ్ల నుంచి అమెరికాలో ప్రతి కారుకూ 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంది. దాన్ని విన్ అంటారు. ఒకటి, సున్నాలతో పొరబడకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. మొదటి గుర్తు 1, 4, 5 అయితే అమెరికా, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో, జె అయితే జపాన్. పదో గుర్తు మోడల్ సంవత్సరం: 2006కు 6, 2009కి 9, 2010కి ఏ. ముందు అద్దం కింద ఉన్న సంఖ్య, తలుపు స్టిక్కర్ మీది సంఖ్య, టైటిల్ అనే యాజమాన్య పత్రం మీది సంఖ్య మూడూ ఒకటేనా అని సరిచూడండి.

మీటరు రీడింగ్ గురించి ఇంకో మాట. 2010, అంతకుముందు మోడళ్లకు పదేళ్లు దాటాక, అమ్మేటప్పుడు ఓడోమీటర్ లెక్కను రాతపూర్వకంగా ధ్రువీకరించాలనే ఫెడరల్ నియమం వర్తించదు. 2011 నుంచి వచ్చిన మోడళ్లకు ఆ గడువు ఇరవై ఏళ్లు. అంటే సొలారా ఏదైనా సరే, మీటరు మీద కనిపించే అంకెను సర్వీసు బిల్లులతో పోల్చి మీరే నిర్ధారించుకోవాలి.

డీలర్ దగ్గర కొంటే కిటికీ మీద బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించి ఉండాలి. వారంటీ ఉందో, ‘ఉన్నది ఉన్నట్టు’ అమ్ముతున్నారో అందులో ఉంటుంది. నోటిమాటగా ఇచ్చిన హామీలన్నీ దాని మీద రాయించుకోండి. మూడు రోజుల్లో కారు తిరిగి ఇచ్చేయొచ్చని చాలామంది నమ్ముతారు. డీలర్ షోరూములో కొన్న కారుకు అలాంటి ఫెడరల్ హక్కు లేదు. అందుకే సంతకానికి ముందే మీకు నచ్చిన మెకానిక్ దగ్గర కారును లిఫ్టు మీద పెట్టించి చూపించండి. వంద, రెండొందల డాలర్లు పోయినా నష్టం లేదు.

తిరిగి ఇండియా వచ్చేస్తూ ఆ కారును తెచ్చుకోవాలని ఆశపడొద్దు. మన దేశంలోకి తెచ్చే పాత కారు తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఇక్కడ చెప్పుకున్న పాత కార్లేవీ ఆ నియమాలకు లొంగవు.

అన్నిటికన్నా ముఖ్యం తకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగ్. వేడికీ తేమకూ లోపలి రసాయనం చెడి, పేలినప్పుడు ఇనుప ముక్కలు ఎగజిమ్మే ఈ లోపం వల్ల అమెరికాలో పాతిక మందికి పైగా చనిపోయారు. సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులను వెనక్కి పిలిచారు. ఆ జాబితాలో 2001 నుంచి వచ్చిన అకార్డ్‌లు కొన్ని, లెక్సస్ ఎస్‌సీ430, 2005 నుంచి వచ్చిన మస్టాంగ్‌లు కొన్ని, బీఎండబ్ల్యూ 3 సిరీస్ కార్లు కొన్ని ఉన్నాయి. ఇలా వెనక్కి పిలిచిన పాత కారును మరమ్మతు చేయకుండానే అమ్మడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కాదు. కానీ ఆ కారు కంపెనీ డీలరు ఎయిర్‌బ్యాగ్‌ను ఉచితంగా మార్చి ఇవ్వాలి, యజమాని ఎన్నో చేయి అయినా సరే. అమెరికాలో మీ పిల్లలు ఇలాంటి పాత కారు నడుపుతుంటే ఇవాళే ఫోన్ చేసి, ఆ 17 అక్షరాల సంఖ్యను అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొట్టి చూడమని చెప్పండి.