వరాహ ఒడ్డున వండే రంగులు

లక్కపిడతలతో ఆడుకున్నారా? బుల్లి పొయ్యి, బుల్లి గిన్నెలు, చిట్టి తిరగలి. వాటికి పేరుపడ్డ ఊరు ఏటికొప్పాక. విశాఖపట్నం నుంచి తుని వైపు సుమారు 65 కిలోమీటర్లు వెళ్తే, వరాహ నది ఒడ్డున ఉంటుంది. మొన్నటిదాకా విశాఖ జిల్లాలోదే, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.

ఆ ఊరి కళాకారుడు చింతలపాటి వెంకటపతి రాజు. సి.వి. రాజు అంటేనే అందరికీ తెలుస్తుంది. పసిపిల్లలు చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు కదా! కొన్ని రసాయన రంగుల్లో సీసంలాంటి విషాలుంటాయి. అందుకే ఆయన వాటిని వదిలేసి చెట్లనీ గింజల్నీ వేర్లనీ వెతికారు. పసుపుకొమ్ము నుంచి పసుపు, జాఫరా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. పసుపూ నీలమూ కలిపితే ఆకుపచ్చ! కనుమరుగవుతున్న ఈ పద్ధతికి మళ్లీ ప్రాణం పోసినందుకే ఆయన నాకు గొప్ప కళాకారుడిగా కనిపిస్తారు. 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది.

బొమ్మ తయారయ్యే తీరు దగ్గరుండి చూడాల్సిందే. బొమ్మలు చేసే అంకుడు కర్ర మెత్తన. బాగా ఎండబెట్టి, లేత్ మీద గిరగిరా తిప్పుతూ ఉలి ఆనిస్తే పొట్టు రిబ్బన్‌లా రాలుతుంది. లక్క అనేది చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగులు స్రవించే జిగురు. దాన్ని వేడిచేసి రంగు కలిపి, కడ్డీలా చేస్తారు. తిరుగుతున్న కర్రకు ఆ కడ్డీని అదిమితే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. కుంచె అవసరమే లేదు! ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది.

ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవీ ఇవే.

అంకుడు చెట్టుకు తెల్లని పూలు, జంటగా వేలాడే సన్నని కాయలు. ఆకుల నుంచి కూడా నీలిరంగు వస్తుంది. ఇప్పుడు ఆ కర్ర దొరకడమే కష్టమవుతోంది. విశాఖ బడుల నుంచి పిల్లల్ని సబ్‌మెరైన్ మ్యూజియానికి తీసుకెళ్తున్నాం. అలాగే ఏటికొప్పాకకూ తీసుకెళ్లి, అంకుడు మొక్క ఎలా ఉంటుందో చూపించి, బడి ఆవరణలో నాటిస్తే ఎంత బాగుంటుంది!